ఒత్తుకు ఎన్ని చుక్కలు?

మొన్న పాత పుస్తకాల అల్మారా సర్దుతుంటే నాలుగు మడతలు పెట్టిన తెల్లకాగితం ఒకటి కింద పడింది. విప్పి చూస్తే నా దస్తూరీయే. నిలువుగా రెండు గళ్ళు, అడ్డంగా పదకొండు వరుసలు. తెర కొలత, పిక్సెళ్ళు, ప్రాసెసర్, జ్ఞాపకశక్తి, కెమెరా, బ్యాటరీ, ధర. పైన తేదీ 2012 ఆగస్టు. మామయ్యకు ఫోను కొనిపెట్టడానికి నేను వేసిన పట్టిక అది. పదకొండు వరుసలలో ఎనిమిదింట మొదటి ఫోనుదే గెలుపు, అయినా ఆ పట్టిక తప్పు. ఎందుకు తప్పయిందో చెప్పాలంటే మన అక్షరాలు ఈ చిన్న తెరల మీదికి ఎక్కిన చరిత్ర కొంత చెప్పుకోవాలి.

దోమలగూడలో పెరిగినవాడికి తెరల లెక్క ఎవరూ నేర్పనక్కరలేదు. ఇందిరా పార్కు దగ్గర బయలుదేరి అశోక్ నగర్ మీదుగా నడిస్తే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ వచ్చేస్తుంది. సుదర్శన్ 70 ఎం.ఎం., సుదర్శన్ 35 ఎం.ఎం., సంధ్య 70, సంధ్య 35, దేవి అని హాళ్ళ పేర్లతో పాటు ఫిల్ము వెడల్పును కూడా కలిపి పలికే పేట మాది. 1986లో తొలి తెలుగు 70 ఎం.ఎం. చిత్రంగా 'సింహాసనం' వచ్చాక ఆ అంకె హోదాకు గుర్తయింది. పెద్ద తెర మీద వేసినంత మాత్రాన 35 ఎం.ఎం. ప్రింటు 70 అయిపోదనీ, అదే బొమ్మ మరికాస్త సాగి పలచబడుతుందనీ మా వీధి కుర్రాళ్ళకు కూడా తెలుసు. సుదర్శన్ 70 ఎం.ఎం. ఇప్పుడు లేదు. అది నేర్పిన పాఠం మాత్రం ఫోన్ల విషయంలో నాకు అక్షరాలా పనికివచ్చింది.

2000లో వచ్చిన నోకియా 3310 తెర అడ్డంగా 84, నిలువుగా 48 చుక్కలు. మొత్తం 4,032. 2003లో వచ్చి, టార్చిలైటుతో సహా ఊరూరా తిరిగిన నోకియా 1100కు 96 అడ్డం, 65 నిలువు. ఆంగ్లాక్షరానికి ఈ మాత్రం చాలు. అయిదు చుక్కల వెడల్పు, ఏడు చుక్కల ఎత్తు ఇస్తే ఏ నుంచి జెడ్ దాకా ఇరవయ్యారూ ఒదుగుతాయి.

మన అక్షరం అలా ఒదగదు. అది మూడంతస్తుల ఇల్లు. పైన తలకట్టో గుడో ఏత్వమో, నడుమ అక్షరం, కింద ఒత్తు. 'స్త్రీ' అన్న ఒక్క అక్షరంలో స, త, ర మూడూ ఉన్నాయి, పైన దీర్ఘం ఉంది. యూనికోడ్ లెక్కలో అది ఆరు సంకేతాలు. 'లక్ష్మి' ఏడు. నలభై ఎనిమిది చుక్కల ఎత్తున్న తెర మీద ఇలాంటివి రెండు వరుసలు పడితే గొప్ప. పైగా ఆంగ్లంలో 160 అక్షరాలు పట్టే సంక్షిప్త సందేశం యూనికోడులో 70 సంకేతాలకే నిండిపోతుంది. పది 'లక్ష్మి'లు రాస్తే సందేశం పూర్తి! ఆ రోజుల్లో మనందరం 'ఎలా ఉన్నారు' అన్న మాటను ఆంగ్ల లిపిలో కొట్టుకుంటూ కూర్చున్నామంటే అది కేవలం భాషాభిమానలోపం కాదు, చుక్కల కరువు కూడా.

కంప్యూటర్లలో కథ కొంత ముందే నడిచింది. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగుకు చోటు దక్కింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఖతి వచ్చింది. ఆ గౌతమిని చిన్న సైజులో చదవబోయి కళ్ళు చికిలించుకోని వారు మనలో అరుదు. తిరుమల కృష్ణదేశికాచార్యుల వారి పోతన, వేమన ఖతులు దింపుకున్నాకనే చాలామందికి తెర మీది తెలుగు తెలుగులా కనిపించింది. అక్కడ లోపం చుక్కలదే కాదు, ఆ చుక్కలను ఎక్కడ పొదగాలో తెలిసిన చేతిది కూడా.

ఇక 'స్మార్టు' అన్న మాటకు వద్దాం. 2003 నాటి నోకియా 6600 తెర 176 అడ్డం, 208 నిలువు, కొలత 2.1 అంగుళాలు. అంగుళానికి సుమారు 130 చుక్కలు. 2007 నాటి మొదటి ఐఫోను 320 అడ్డం, 480 నిలువు, అంగుళానికి 163. మన దేశానికి అధికారికంగా వచ్చింది దాని తరువాతి రూపమైన 3జీ, 2008 ఆగస్టులో, 31 వేల రూపాయల ధరతో.

ఈ 'అంగుళానికి ఇన్ని' అన్న లెక్క కష్టమేమీ కాదు. బడిలో చదివిన కర్ణం సూత్రమే. అడ్డం వర్గాన్నీ నిలువు వర్గాన్నీ కూడి, వర్గమూలం తీసి, తెర మూలకొలతతో భాగిస్తే సరి. దుకాణంలో అందరూ అడిగేది అంగుళాలు, కాస్త తెలిసినవారు అడిగేది పిక్సెళ్ళు. చదువరికి కావలసింది ఈ రెండూ కాదు, ఒకదానిని రెండవదానితో భాగిస్తే వచ్చేది. 2010 నాటి గెలాక్సీ ఎస్ తెర 480 అడ్డం, 800 నిలువు, కొలత 4 అంగుళాలు. మరుసటి యేటి ఎస్ టూలోనూ అవే పిక్సెళ్ళు, కానీ కొలత 4.3 అంగుళాలు. కనుక సాంద్రత 233 నుండి 217కు దిగింది. సుదర్శన్ పాఠం ఇదే, అదే ప్రింటు కొంచెం పెద్ద తెర మీద.

అయితే ఎస్ టూ మీద చదవడం హాయిగా ఉండేదని వాడినవారు అంటారు, అదీ నిజమే. మామూలు తెరలో ఒక్కొక్క పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు దీపాలు. మొదటి గెలాక్సీలో వాడిన పెన్‌టైల్ అమరికలో రెండే. కాగితం మీద రెండింటికీ 3,84,000 పిక్సెళ్ళే. దీపాలు లెక్కపెడితే ఒకదానికి 7,68,000, రెండవదానికి 11,52,000. అక్షరం అంచు నునుపు ఈ దీపాల మీదే ఆధారపడుతుంది. పట్టికలో ఒకే అంకె వేసిన రెండు తెరలు కంటికి ఒకటి కాకపోవడానికి ఇదొక కారణం.

నడుమ 2010 జూన్‌లో ఐఫోన్ 4 వచ్చింది. 640 అడ్డం, 960 నిలువు, అంగుళానికి 326. పది పన్నెండు అంగుళాల దూరం నుంచి చూసినప్పుడు అంగుళానికి 300 దాటిన చుక్కలను కన్ను విడదీయలేదని స్టీవ్ జాబ్స్ ఆనాడు ప్రకటించాడు. లెక్క చూద్దాం. మామూలు చూపు విడదీయగల కోణం డిగ్రీలో అరవయ్యో వంతు. ముప్పై సెంటీమీటర్ల దూరంలో అది 0.087 మిల్లీమీటర్లు. అంగుళానికి 291 చుక్కలన్నమాట. మాట దాదాపు సరిపోయింది.

మనవాళ్ళకు ఈ 300 కొత్త అంకె కాదు. 1984లో వచ్చిన తొలి లేజర్‌జెట్ ముద్రణయంత్రం అంగుళానికి 300 చుక్కలే వేసేది. చిక్కడపల్లి, అశోక్ నగర్ సందుల్లోని డీటీపీ దుకాణాలలో శుభలేఖలూ, పోటీపరీక్షల నోట్సులూ ఇలాంటి యంత్రాల మీదే తెలుగులో పుట్టాయి. ఆ కాగితాన్ని చదవడానికి ఇబ్బందిపడిన వారెవరూ లేరు. అంటే 2010లో జేబులోని తెర మా వీధి చివరి డీటీపీ దుకాణాన్ని అందుకుంది. నిజానికి దాటింది. కాగితం మీద చుక్క నలుపో తెలుపో, తెర మీద నడిమి ఛాయలూ ఉంటాయి కదా.

ఇప్పుడు ఒత్తు సంగతి. వరుస ఎత్తు అంగుళంలో ఎనిమిదో వంతు అనుకుందాం. నోకియా 6600 మీద దానికి దక్కేది 16 చుక్కలు, మూడంతస్తులకు పంచితే తలా అయిదు. అయిదు చుక్కల్లో ఒత్తు రాయడమంటే బియ్యపు గింజ మీద పేరు చెక్కడమే. 'థ' పొట్టలోని చుక్క మాయమవుతుంది, 'ధ' కింది గీత అలుక్కుపోతుంది. ఎదుటివారు 'కథ' అని రాశారో 'కధ' అని రాశారో తేల్చుకోలేక ఎన్ని తగవులు మానుకున్నామో! అదే వరుసకు ఎస్ టూలో 27, ఐఫోన్ 4లో 41 చుక్కలు దక్కుతాయి. అంతస్తుకు తొమ్మిది వచ్చేసరికి ఒత్తు గుర్తుపట్టవచ్చు, పదమూడు దాటితే కుదురుగా కూర్చుంటుంది.

ఇంతవరకు నా పట్టికకు తిరుగులేదు. ఇక మామయ్య సంగతి.

మామయ్య తెలుగు మాస్టారుగా చేసి రిటైరై దోమలగూడలోనే స్థిరపడ్డారు. రోజూ పొద్దున చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయానికి నడిచి వెళ్ళి, పోటీపరీక్షల కుర్రాళ్ళ నడుమ కూర్చుని అన్ని పత్రికలూ చదివివచ్చేవారు. శుక్లాల ఆపరేషన్ తరువాత ఆ నడక తగ్గింది. అమెరికాలోని కూతురు డబ్బు పంపి, "నాన్నకు మంచి ఫోను కొనిపెట్టు బావా, నేను ఉత్తరాలు అందులోకే రాస్తాను" అంది. నా పట్టికలో మొదటిది 4.7 అంగుళాల తెర, 720 అడ్డం, 1280 నిలువు, అంగుళానికి 312. రెండవది 4.3 అంగుళాలు, 480 అడ్డం, 800 నిలువు, 217. ఇక ఆలోచించేదేముంది? మొదటిదే కొన్నాను. దుకాణంలో అందులోని పూలబొమ్మ చూసి మామయ్య కూడా ముచ్చటపడ్డారు.

వారం తరువాత వెళ్ళేసరికి ఆయన బల్ల ముందు కూర్చుని ఫోనులో చూస్తూ పెన్సిలుతో కాగితం మీద ఏదో రాసుకుంటున్నారు. కూతురి ఉత్తరం. తెర మీద ప్రతి అక్షరమూ మల్లెమొగ్గలా ఉంది, కానీ ఏదీ పక్కదానితో కలవలేదు. 'అమ్మ' అన్న మాట పొల్లు పెట్టిన 'మ', దాని పక్కన విడిగా మరో 'మ'. 'స్త్రీ' మూడు ముక్కలు. గుడులు అక్షరాన్ని వదిలి పక్కన నిలబడ్డాయి. ఆయన ఆ ముక్కలన్నీ ఏరి, ఒత్తులు ఒత్తుల చోట పెట్టి, కాగితం మీద సాపు రాసుకుని అప్పుడు చదువుకుంటున్నారు. ముప్పై ఏళ్ళు పిల్లల దస్తూరీ దిద్దిన మనిషి కూతురి ఉత్తరాన్ని కూడా దిద్దుకుని చదవవలసి వచ్చింది. నన్ను చూసి నవ్వి, "చుక్కలు బోలెడున్నాయిరా, కుదిర్చి పెట్టేవాడే లేడు" అన్నారు.

నేను పట్టికలో వేయని పన్నెండవ వరుస అదే. తెలుగు సంకేతాలను వరుసగా చూపిస్తే తెలుగు అయిపోదు. ఏది ఒత్తుగా మారాలో, ఏ గుడి ఎవరి నెత్తిన కూర్చోవాలో తేల్చే పని ఒకటుంది. ఫోను లోపలి వ్యవస్థకు ఆ పని తెలియాలి. ఆండ్రాయిడ్‌లో కన్నడ, తెలుగు, మలయాళాలకు ఆ ఏర్పాటు 4.1 జెల్లీబీన్‌తో, 2012 మధ్యలో వచ్చింది. అంతకుముందు కొన్ని కంపెనీలు తమంత తాముగా కలుపుకున్నాయి, కొన్ని కలపలేదు. కలపనిచోట డబ్బాలో, విరిగిన ముక్కలో.

ఆ నడిమికాలంలో మనల్ని ఆదుకున్నది ఒపేరా మినీ. అందులో ఒక అమరిక ఉండేది. క్లిష్టమైన లిపులను బొమ్మలుగా చూపమని అడిగితే, ఫోనుకు తెలుగు రాకపోయినా, దూరాన ఉన్న సర్వరే అక్షరాలు కూర్చి బొమ్మగా పంపేది. మామయ్య ఫోనులో అదీ పెట్టాను. అంతర్జాల పుటలు చక్కగా కనబడ్డాయి. ఉత్తరాలు వచ్చే పెట్టెలో మాత్రం ముక్కలు ముక్కలుగానే ఉండిపోయాయి. చివరకు నా చేతిలోని పాత ఫోను, పట్టికలో ఓడిన రెండవ రకానిదే, ఆయనకిచ్చి ఆయనది నేను తీసుకున్నాను. అక్షరం కాస్త గరుకు, అయినా కుదురు. ఆ రోజు నుంచి ఆయన పెన్సిలు పట్టలేదు.

తరువాతి చరిత్ర తొందరగా చెప్పవచ్చు. 2014 ఫిబ్రవరిలో మోటో జీ 12,499 రూపాయలకే అంగుళానికి 326 చుక్కలు ఇచ్చింది. నాలుగేళ్ళ నాటి ఐఫోన్ వైభవం మధ్యతరగతి ఇంటికి వచ్చేసింది. 2016లో ప్రభుత్వం, మన దేశంలో అమ్మే ఫోన్లన్నిటిలో 22 భారతీయ భాషలూ చదవగలిగేలా ఉండాలని ఉత్తర్వు ఇచ్చింది. అయినా కథ ముగిసిందనుకోకండి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అన్న మన అక్షరం ఒక్కటి సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లలోని అప్లికేషన్లు కుప్పకూలాయి. అంగుళానికి నాలుగు వందల చుక్కలు దాటిన తెరల వెనుక, ఒత్తును కూర్చే పనిలో ఒక పొరపాటు. కొద్దిరోజుల్లోనే 11.2.6తో సరిదిద్దారు. ప్రపంచమంతా నవ్వుకున్న ఆ వార్త విని మామయ్య మాత్రం నవ్వలేదు. "జ్ఞానం మోయడం కష్టమేరా" అని ఊరుకున్నారు.

ఇప్పుడు తెరల అంకెలు పోల్చడంలో పెద్ద అర్థం లేదు. కంటి హద్దు ఎప్పుడో దాటేశాయి. అయినా ఎవరైనా పెద్దవారికి ఫోను కొనేముందు దుకాణంలోనే 'లక్ష్మి', 'స్త్రీ', 'జ్ఞానం', 'కథ' అని నాలుగు మాటలు రాసి, అక్షరాలను వారికి కావలసినంత పెద్దవిగా చేసి, వారి చేతికే ఇచ్చి చదివించండి. నేను అదే చేస్తున్నాను. పాత కాగితానికి పన్నెండవ వరుస ఇవాళ చేర్చి, మళ్ళీ మడిచి అల్మారాలోనే పెట్టాను.

మీ చేతిలో మొదటిసారి తెలుగు కుదురుగా కనిపించిన ఫోను ఏది, ఏ సంవత్సరంలో? గుర్తున్నవారు తప్పక రాయండి. నా లెక్కల్లో తప్పులుంటే విజ్ఞులు దిద్దగలరు.