మోసిన్-నాగాంత్ 91/30 పీయూ స్నైపర్ రైఫిల్ పునర్నిర్మాణం

మోసిన్-నాగాంత్ 91/30 పీయూ రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సోవియట్ సైన్యం విస్తృతంగా ఉపయోగించిన స్నైపర్ రైఫిల్. యుద్ధానంతరం వీటిలో అనేక రైఫిళ్ళ నుండి దూరదర్శినిని (టెలిస్కోపిక్ సైట్) తొలగించి సాధారణ రైఫిళ్ళుగా మార్చారు. అటువంటి రైఫిల్‌కు ఆ కాలపు దూరదర్శినిని తిరిగి అమర్చి పూర్వరూపానికి తీసుకురావడాన్ని పునర్నిర్మాణం అంటారు. ఆయుధ సేకర్తలకు, సైనిక చరిత్ర అభిమానులకు ఇది ఆసక్తికరమైన అంశం.

చరిత్ర

మూల రైఫిల్‌ను రష్యా సామ్రాజ్యం 1891లో స్వీకరించింది. రష్యా సైనికాధికారి సెర్గీ మోసిన్, బెల్జియం దేశస్థుడు లియోన్ నాగాంత్ రూపకల్పనల నుండి దీనికి ఈ పేరు వచ్చింది. 1930లో చేసిన మార్పుల తరువాత ఇది 91/30 నమూనాగా ప్రసిద్ధి చెందింది. 1930వ దశకంలో తయారైన స్నైపర్ రైఫిళ్ళకు పీఈ, ఆ తరువాత పీఈఎమ్ అనే దూరదర్శినులను అమర్చారు.

పీయూ దూరదర్శిని మొదట ఎస్‌వీటీ-40 అనే స్వయంచాలక రైఫిల్ కోసం రూపొందింది. ఆ రైఫిల్ కచ్చితత్వం స్నైపర్ల అవసరాలకు చాలకపోవడంతో, 1942లో పాత 91/30 రైఫిల్‌కే పీయూను అమర్చి ఉత్పత్తిని తిరిగి ప్రారంభించారు. ఇజెవ్‌స్క్, తూలా కర్మాగారాలలో ఇవి తయారయ్యాయి.

స్టాలిన్‌గ్రాడ్ యుద్ధంలో 1942 నవంబరు 10 నుండి డిసెంబరు 17 వరకు 225 మంది శత్రుసైనికులను హతమార్చినట్లు నమోదైన వసీలీ జైత్సెవ్ ఉపయోగించిన మోసిన్ రైఫిల్ వోల్గోగ్రాడ్ మ్యూజియంలో ఉంది. 1945 జనవరిలో యుద్ధభూమిలో మరణించిన మహిళా స్నైపర్ రోజా షానినా ఛాయాచిత్రాలలో పీయూ దూరదర్శిని గల రైఫిల్ కనిపిస్తుంది.

నిర్మాణం

ఈ రైఫిల్ పొడవు సుమారు 1,232 మిల్లీమీటర్లు. ఇందులో 7.62×54 మి.మీ. తూటాలు ఐదు పడతాయి. సాధారణ రైఫిల్‌కు, దీనికి గల ముఖ్య భేదాలు ఇవి:

* పీయూ దూరదర్శిని వస్తువును 3.5 రెట్లు పెద్దదిగా చూపుతుంది. దీని బరువు సుమారు 270 గ్రాములు. పైనున్న చక్రంపై 1,300 మీటర్ల వరకు దూరాలు గుర్తించి ఉంటాయి. ప్రక్కనున్న చక్రంతో గురిని కుడి ఎడమలకు సరిచేస్తారు.
* సాధారణ బోల్టు పిడి నిటారుగా ఉంటుంది. పైకి ఎత్తినపుడు అది దూరదర్శినికి తగులుతుంది కనుక స్నైపర్ రైఫిల్‌కు క్రిందికి వంచిన పొడవైన పిడిని అమర్చారు.
* దూరదర్శిని బోల్టుకు పైన ఉండడం వలన ఐదు తూటాల క్లిప్పును వాడే వీలు లేదు. తూటాలను ఒక్కొక్కటిగా నింపాలి.

స్నైపర్ రైఫిళ్ళ కోసం మెరుగైన కచ్చితత్వం కనబరచినవాటిని ఎంపిక చేసేవారు.

పునర్నిర్మాణ విధానం

దూరదర్శినిని పట్టి ఉంచే అమరికను కొచెతోవ్ రూపొందించాడు. దీని పీఠం రిసీవరు ఎడమ ప్రక్కన మరలతో బిగించబడి ఉంటుంది. దానిపై నిలిచే కొక్కెం ముందు భాగంలో గోళాకారపు కీలుపై ఆనుతుంది. వెనుక భాగంలోని రెండు మరలతో దానిని పైకి, క్రిందికి జరుపవచ్చును.

పీయూ దూరదర్శినిలో చక్రాలను త్రిప్పినపుడు గురి రేఖలు దృశ్యం మధ్య నుండి ప్రక్కకు జరుగుతాయి. కనుక పీఠం ఏ మాత్రం వంకరగా ఉన్నా, గురి సరిచేసేసరికి ఆ రేఖలు దృశ్యపు అంచుకు చేరతాయి. ఈ కారణం చేత ముందు అమరికను సరిచేసి, తరువాతనే చక్రాలను త్రిప్పడం సరైన పద్ధతి. రంధ్రాల స్థానమే తప్పితే ఆ లోపాన్ని చక్రాలతో పూర్తిగా సరిదిద్దలేము.

అసలు, నకలు

స్నైపర్ రైఫిల్‌గా తయారై తరువాత మార్చబడిన రైఫిల్‌ను సేకర్తలు "మాజీ స్నైపర్" అని వ్యవహరిస్తారు. రిసీవరు ఎడమ ప్రక్కన పూడ్చిన రంధ్రాల గుర్తులు, గొట్టం మొదలు వద్ద ముద్రించిన దూరదర్శిని సంఖ్య దీనికి ఆనవాళ్ళు. కొన్నింటిపై ఆ సంఖ్య కొట్టివేయబడి ఉంటుంది. ఇటువంటి రైఫిల్‌కు పీయూను తిరిగి అమర్చడం పునరుద్ధరణ అవుతుంది.

సాధారణ 91/30 రైఫిల్‌కు కొత్తగా రంధ్రాలు చేసి దూరదర్శినిని బిగిస్తే అది నకలు మాత్రమే. ఆ రంధ్రాలతో ఒక చారిత్రక వస్తువు అసలు రూపం శాశ్వతంగా పోతుంది. నకలును అసలుగా చెప్పి విక్రయిస్తే కొనుగోలుదారుకు నష్టం, చరిత్ర అధ్యయనానికి తప్పుడు ఆధారం కలుగుతాయి. మరోవైపు, సోవియట్ ఆయుధాగారాలే మరమ్మతు సమయంలో పాత సంఖ్యలను కొట్టివేసి కొత్తవి ముద్రించాయి. అందువలన సంఖ్యలు కలిసినంత మాత్రాన ఆ రైఫిల్, దూరదర్శిని యుద్ధకాలంలో జతగా ఉన్నాయని నిర్ధారించలేము.

తరువాతి కాలం

1963లో సోవియట్ సైన్యం డ్రాగునోవ్ (ఎస్‌వీడీ) రైఫిల్‌ను స్వీకరించడంతో పీయూ రైఫిళ్ళ ప్రాధాన్యం తగ్గింది. డ్రాగునోవ్‌ను భారత సైన్యం కూడా ఉపయోగించింది. అది కూడా 7.62×54 మి.మీ. తూటానే వాడుతుంది. భారతదేశంలో తుపాకులను కలిగి ఉండడానికి 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు అవసరం.