చెదలూ, తాళపత్రాలూ, వసకొమ్మూ

వల్మీకమంటే చెదలు కట్టిన పుట్ట. పాములు అందులో చేరేది తరువాతే. ఆదికవికి పేరిచ్చిన ఆ పురుగే ఆయన కావ్యాన్ని రాసుకున్న తాటాకులకు పరమశత్రువు కావటం విచిత్రం. వేల తాళపత్ర ప్రతులు చెదల నోట పడకుండా మనదాకా ఎలా వచ్చాయన్నది ఇక్కడి ప్రశ్న.

జవాబు తంజావూరులో కొంత దొరుకుతుంది. నాయకరాజుల కాలంలో మొదలై, మరాఠా రాజు రెండవ శరభోజి (1798–1832) చేతిలో విస్తరించిన సరస్వతీ మహలు అది. రఘునాథనాయకుడు, విజయరాఘవనాయకుడు తెలుగు కవులు కూడా కనుక ఆ భాండాగారం మనకు పరాయిది కాదు. అక్కడ వసకొమ్ము, నల్లజీలకర్ర, లవంగాలు, మిరియాలు, దాల్చినచెక్క దంచి, కర్పూరం కలిపి, ఆ పొడిని చిన్న గుడ్డమూటలుగా కట్టి గ్రంథాల నడుమ ఉంచే పద్ధతి ఉంది. ఆకులకు నిమ్మగడ్డి నూనె రాయటం మరొకటి. నూనె ఆకును పెళుసెక్కనివ్వదు, దాని ఘాటు పురుగును దగ్గరికి రానివ్వదు. మాటలు త్వరగా రావాలని పసిపిల్లలకు మనం నాకించే వసే ఇక్కడ గ్రంథాలకు కాపలా కాసిందన్నమాట!

అయితే ఈ మందులు ప్రధానంగా పురుగును తరిమేవే. గోడలో కాపురం పెట్టిన చెదల దండును మూట కట్టిన పొడి ఆపలేదు. పైగా ఘాటు కొన్నాళ్ళకు ఆవిరైపోతుంది, మూట మార్చాలి. మార్చాలంటే కట్ట విప్పాలి, ఆకులు తిరగేయాలి, దుమ్ము దులపాలి. నా ఉద్దేశంలో గ్రంథాన్ని కాపాడటంలో సగం పని ఈ విప్పటానిదే. చదివేవాడు పోయిన ఇంట్లో అటకెక్కిన కట్టకు వస మార్చేదెవరు?

ఇరవయ్యో శతాబ్దంలో వచ్చిన రసాయనాలు ఈ శ్రమను తప్పించాయి. ఆల్డ్రిన్, క్లోర్డేన్, హెప్టాక్లోర్‌లను పునాదుల్లో ఒకసారి పోస్తే ఏళ్ళ తరబడి చెదల ఊసుండదు. మట్టిలో అంతకాలం నశించకపోవటమే వాటి గొప్ప, అదే వాటి నేరమూ అయింది. 2001 నాటి స్టాక్‌హోం ఒప్పందం మొదటి జాబితాలో ఈ మూడూ ఉన్నాయి.

వేప విషయంలో శాస్త్రం ఆలస్యంగా మేలుకొంది. 1962లో ఢిల్లీలో వేపగింజల పొడి నీళ్ళలో కలిపి పైరుపై చల్లితే, మిడతలు వాలాయి గాని తినలేదు. అందులోని అజాడిరక్టిన్‌ను 1968లో వేరుచేశారు. అదీ ఎండకు త్వరగా విరిగిపోయేదే. చెట్టుమందు కనుక చెరుపు ఉండదనుకోవటమూ పొరపాటే: వసలోని అసరోన్ కారణంగా అమెరికా 1968లో దాన్ని ఆహారంలో నిషేధించింది. నాకించే వస సంగతి తల్లులు మళ్ళీ ఆలోచించవలసిందే.

1820లో కడప చేరిన బ్రౌను అటకల మీది కట్టలను దింపించి, పండితుల చేత విప్పించి, కాగితం మీదికి ఎత్తి రాయించాడు. కాగితమూ చెదలకు మేతే. ఆ ప్రతులు ఇప్పుడు చెన్నైలోని ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి.