కాఱడవిలో మహామృగములవేఁట: రైఫిలు నిర్ణయచరిత్రము

ఆంధ్రప్రబంధములలో వేఁటవర్ణనములు పెక్కులు గలవు. పెద్దన మనుచరిత్రమునందలి స్వరోచి వేఁట వానిలోఁ బ్రసిద్ధము. పశ్చిమచాళుక్యప్రభువగు సోమేశ్వరుఁడు 12వ శతాబ్దిలో రచించిన మానసోల్లాసమున మృగయావినోదము ప్రత్యేకముగా వివరింపఁబడినది. ఆ కాలపు వేఁటసాధనములు విల్లు, ఈటె, వల, వేఁటకుక్క, డేగ మొదలగునవి. తుపాకి వ్యాపించిన పిమ్మట వేఁటవిద్యలో నొక క్రొత్తప్రశ్న పుట్టినది. దట్టమైన యడవిలో ఏనుఁగు, అడవిదున్న, పులి వంటి మృగమును గొట్టుటకు నెట్టి యాయుధము తగినది? 19వ శతాబ్ది మధ్యమునుండి 20వ శతాబ్ది మధ్యము వఱకు వేఁటకాండ్రును, తుపాకులు చేయువారును ఈ ప్రశ్నపై వాదించుచునే యుండిరి. ఈ వాదము విలాసపురుషుల కాలక్షేపము మాత్రము కాదు. తగని యాయుధముతోఁ గొట్టఁబడిన మృగము చావక, గాయముతో నడవిఁ జొచ్చును. ఆ గాయముయొక్క ఫలము ననుభవించువారు, వేఁటకాఁడు వెడలిపోయిన తరువాత నచటనే యుండు పల్లెవారు. ఈ దృష్టితోఁ జూచినఁగాని యీ చరిత్రము సమగ్రముగా బోధపడదు.

ముందుగా మైదానమునకును గాఱడవికిని గల భేదమును గ్రహింపవలయును. మైదానమున మృగము వందలగజముల దూరముననే కనఁబడును. గుఱి చూచుకొనుటకు వ్యవధి యుండును. వెదురుపొదలును, తీఁగెలును, ఎత్తుగాఁ బెరిఁగిన గడ్డియు నల్లుకొన్న యడవిలో నది పది యిరువది గజములలోఁ గాని కంటఁబడదు. అప్పుడును గనఁబడునది చెవియో, భుజమున నొకభాగమో మాత్రమే. మృగము మీఁదికి వచ్చినచో నా దూరము కొన్ని క్షణములలో దాఁటఁబడును. కావున నిచట గుండు దూరము పోవుటకంటె లోఁతుగాఁ జొచ్చుటయు, రెండవదెబ్బ తడవులేక దొరకుటయు ముఖ్యములు. ఈ రెండు గుణములను సంపాదించుటకై చేయఁబడిన ప్రయత్నమే యీ యాయుధచరిత్రము.

నల్లమందు కాలమున గుండువేగమును పెంచుటకు మార్గము స్వల్పము. అందుచే గుండుబరువును పెంచిరి. గొట్టముయొక్క పరిమాణమును ‘బోరు’ అను లెక్కచేఁ జెప్పెడివారు. ఒక పౌను సీసముతో నాలుగు గుండ్లు పోసినచో వానిలో నొకదానికి సరిపడు గొట్టము నాలుగు బోరు. ఎనిమిది పోసినచో నెనిమిది బోరు. అనఁగా సంఖ్య తగ్గినకొలఁది గొట్టము పెద్దదగును. 1840, 1850 దశకములలో సింహళమున నేనుఁగులను వేఁటాడిన సామ్యూల్ బేకరు వాడిన నాలుగు బోరు రైఫిలు 21 పౌనుల బరువు గలది. పిమ్మట నతఁడు ఆఫ్రికాకుఁ గొనిపోయిన ‘బేబీ’ యను తుపాకి అరపౌను బరువుగల ప్రేలుడుగుండును విసరెడిది. దాని తన్ను నోర్చుట బలశాలియగు బేకరునకే కష్టమై, దానిని వాడుటకు నతఁడే జంకెను. మైసూరు రాజ్యమున నేనుఁగులను బట్టు శాఖ కధికారిగా నుండిన శాండర్సనుకూడ 1878లోఁ బ్రకటించిన తన గ్రంథమున నిట్టి పెద్దగొట్టముల పక్షమునే వహించెను.

బరువొక్కటియే చాలదని చూపినవాఁడు మధ్యభారతపు టడవులలోఁ బనిచేసిన కాప్టెను జేమ్సు ఫోర్సైతు. ఇతఁడు 1863లో వేఁటరైఫిలు గూర్చి యొక గ్రంథమును బ్రకటించెను. గొట్టము లోపలి చాళ్లు మిక్కిలిగా మెలిఁదిరిగియున్నచో, మందు హెచ్చించినపుడు గుండ్రనిగుండు చాళ్లను బట్టక జాఱిపోవును. మెలి తక్కువగా నుంచినచో నెక్కువమందు వేయవచ్చును. గుండు వేగముగాను, తిన్నగాను బోవును. అడవివేఁటలో దూరము స్వల్పము గనుక నిదియే మేలని యతని సిద్ధాంతము. ఇందుఁ బ్రధానమైన విషయము, యుద్ధరైఫిలును వేఁట కనుకరింపరాదనియు, స్థలమును బట్టి యాయుధమును నిర్ణయింపవలయు ననియు నతఁడు వాదించుట.

అదే కాలమున ‘ఎక్స్‌ప్రెస్’ రైఫిళ్లు వచ్చెను. తేలికయైన, ముందుభాగమున బోలుగానున్న గుండును వీనిలో మిక్కిలి వేగముగాఁ బంపెడివారు. జింకలకు నివి శ్రేష్ఠములు. కాని దళసరిచర్మము గల మృగములఁ దాఁకినపుడు గుండు పైననే ముక్కలై, లోపలి మర్మస్థానములను జేరకుండెడిది. వేగము హెచ్చినంత మాత్రమున గుండు లోఁతుగాఁ జొచ్చు నను భ్రమ దీనితోఁ దొలఁగినది.

నల్లమందునకు మఱియొక దోషము గలదు. తేమగల యడవిలో దాని పొగ గాలికిఁ జెదరక, వేఁటకానికిని మృగమునకును నడుమ తెరవలె నిలుచును. మృగము పడినదో, పాఱినదో, ఎదురువచ్చుచున్నదో తెలియదు. 1889లో బ్రిటనునఁ గనిపెట్టఁబడిన కార్డైటను పొగలేని మందు ఈ తెరను తొలఁగించెను. 1898లో రిగ్బీవారు .450 నైట్రో ఎక్స్‌ప్రెస్ తూటాను వెలువరించిరి. దాని గుండుబరువు 480 గ్రెయినులు, అనఁగా నౌన్సునకుఁ గొంచె మెక్కువ. వేగము సెకనునకు 2150 అడుగులు. నాలుగు బోరు గుండులో నాలుగవవంతు మాత్రమే బరువుండియు, గట్టికవచము గల యీ గుండు దానికంటె లోఁతుగాఁ జొచ్చెను. రైఫిలుబరువును సగమునకుఁ దగ్గెను.

ఇంతలో రాజకీయకారణ మొకటి యడ్డుపడినది. మార్టినీ-హెన్రీ యను పాతయుద్ధరైఫిలు గొట్టముకూడ .450 పరిమాణము గలదే. ఆ గుండ్లు తిరుగుబాటుదారుల కుపయోగపడునను భయముచే బ్రిటిషుప్రభుత్వము 1907లో హిందూదేశమునను, సూడానునను .450 పరిమాణమును నిషేధించెను. వెంటనే లండను, బర్మింగుహాము పనివాండ్రు .465, .470, .475, .476 మొదలగు తూటాలను గల్పించిరి. వీని శక్తి యించుమించుగా సమానమే. ఇన్ని భేదములు మృగస్వభావమును బట్టి కాక, ప్రభుత్వశాసనమును బట్టి పుట్టినవని యెఱుఁగుట చరిత్రకారుల కావశ్యకము.

రెండవదెబ్బ విషయమున జంటగొట్టముల రైఫిలునకే పెద్దలు ప్రాధాన్య మిచ్చిరి. దానికి రెండు గొట్టములు, రెండు మీటలు, వేఱువేఱు యంత్రములు నుండును. ఒకటి చెడినను రెండవది పనిచేయును. తూటా మార్చు చప్పుడు లేకయే రెండవమాఱు కాల్పవచ్చును. కాని దాని వెల రాజులకును, పెద్దయుద్యోగులకును మాత్రమే యందునట్టిది. 1911లో వచ్చిన .416 రిగ్బీ, 1912లో వచ్చిన .375 హాలెండు అను తూటాలు, మౌసరుపద్ధతిని తూటాలపెట్టె గల చౌకరైఫిలునకును దగినంత బలము నిచ్చెను.

చిన్నగొట్టమే చాలునను వాదమునకుఁ గరమోజో బెల్లు ప్రమాణముగాఁ జూపఁబడును. అతఁడు ఆఫ్రికాలో వేయికిఁ బైఁగా నేనుఁగులను, వానిలోఁ బెక్కింటిని 7 మిల్లీమీటర్ల రైఫిలుతోనే చంపెను. అయితే యతఁడు తలపుఱ్ఱెలను గోసి చూచి మెదడుస్థానమును నేర్చినవాఁడు. అతని వేఁట బహుభాగము తెఱపినేలలలో జరిగినది. సామాన్యునకుఁ గాఱడవిలో నది యాదర్శము కాఁజాలదు.

తగని యాయుధము తెచ్చు ననర్థమునకుఁ జంపావతు పులి నిదర్శనము. కుమావూనులో 1907లో దీనిని జంపిన జిమ్ కార్బెట్టు, ఇది 436 మందిని బొట్టనఁ బెట్టుకొన్నదని వ్రాసెను. దాని కుడివైపు కోఱలు రెండును బూర్వపు తుపాకిదెబ్బచే విఱిగియుండెను. సహజమైన యెఱను బట్టలేక యది మనుష్యులకు మరగెనని యతని నిర్ణయము. తూటాలు మూఁడే తెచ్చుకొని యవి యయిపోఁగా, నతఁడు తహశీల్దారుని పాతతుపాకి నందుకొనవలసి వచ్చెను. దాని గొట్టములకును వెనుకభాగమునకును నడుమ సందు గలదు. పులినోటికిఁ జూచిన గుఱి పాదమునకుఁ దగిలినది. అదృష్టవశమున ముందుదెబ్బలే పులిప్రాణముఁ దీసినవి. ఆ వేఁటకు బహుమానముగా నతని కొసఁగఁబడిన .275 రిగ్బీతోనే 1926లో రుద్రప్రయాగ చిఱుత కూలెను. చిఱుతకుఁ జాలినది యేనుఁగునకుఁ జాలదు.

తెలుఁగునేలకును ఈ చరిత్రముతో సంబంధము గలదు. బెంగుళూరివాఁడగు కెన్నెతు ఆండర్సను (1910-1974) చిత్తూరు మండలమందలి చామలలోయలో నరభక్షకవ్యాఘ్రమును వేఁటాడిన వృత్తాంతమును 1954లోఁ బ్రకటించిన గ్రంథమునఁ జెప్పెను. అతని యాయుధము, క్రిందిమీటను ద్రిప్పినంతనే తూటా మాఱు .405 వించెస్టరు. అది బహుమూల్యము కాదు. చిరాభ్యాసముచే నతని చేతి కలవడినది.

1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణచట్టముతో భారతదేశమున నీ ప్రశ్న చరిత్రలోఁ జేరినది. నరభక్షకమునైనను, బట్టుటకో, మత్తు గొలుపుటకో, వేఱొకచోటికిఁ దరలించుటకో వీలు లేనపుడు మాత్రమే చంపుట కనుమతి లభించును. ఈ నూఱేండ్లవాదమున స్థిరపడిన సత్యము లివి: ఆయుధము స్థలమునకును, మృగమునకును, చేతికిని దగినది కావలయును, ఒకసారి గాయపఱచిన మృగమును విడిచిపోవుట కెవ్వరికిని హక్కు లేదు. మొదటిదానిని బనివాండ్రు త్వరగా నేర్చిరి. రెండవదానిని నేర్పుటకుఁ జంపావతు పల్లెలు మిక్కిలి వెల చెల్లింపవలసి వచ్చెను.