రేకుల గోడకు లోపలి వైపు

సాయంత్రం ఆరున్నర. హైదరాబాద్‌లో కోకాపేట నియోపోలిస్ రోడ్డు మీద ఓ పక్కగా నిలబడండి. ఎదురుగా రేకుల ప్రహరీ, దాని మీద స్విమ్మింగ్ పూల్ దగ్గర నవ్వుతున్న కుటుంబం బొమ్మ. 2023 ఆగస్టు వేలంలో ఇక్కడ ఎకరం ధర 100 కోట్లు దాటింది. కాస్త వంగి, రేకుల సందులోంచి లోపలికి రండి.

షిఫ్టు దిగింది. మోచేతుల దాకా సిమెంటు ఎండిపోయిన మనుషులు నీళ్ల డ్రమ్ము చుట్టూ మూగారు. ఒడియా, భోజ్‌పురి, మన పాలమూరు యాస ఒకేసారి చెవిన పడుతున్నాయి. పొయ్యి పొగకు కళ్లు మండుతున్నాయా? ఇటు తిరిగి, ఈ రేకుల గది ముందు నేల చూడండి. పాలమూరు ఆడమనిషి పొద్దున పనికి పోయేముందు వేసిన ముగ్గు. పిండి దొరక్క గోడలకు పూసే పుట్టీ పొడితోనే వేసింది. చుక్కల చుట్టూ తిరిగిన గీత ఎక్కడా తెగలేదు. టిప్పర్ టైరు ఒక మూల తొక్కేసింది, అంతే.

ఈ వరసలో బిహార్‌వాళ్లూ ఝార్ఖండ్‌వాళ్లూ ఉన్నారు. బిహార్‌లోని మిథిలలో పెళ్లి గది గోడకు కోహబర్ బొమ్మ వేస్తారు. ఝార్ఖండ్‌లో హజారీబాగ్ వైపు సోహ్‌రాయ్ పండక్కి ఆడవాళ్లు రంగు మట్టితో ఇంటి గోడలు నింపేస్తారు. 1960ల కరువులో అఖిల భారత హస్తకళల బోర్డు భాస్కర్ కులకర్ణిని మిథిలకు పంపింది. ఆయన ఆడవాళ్ల చేతికి కాగితాలిచ్చి, గోడ మీది బొమ్మలు వాటి మీద వేయించాడు. అవి అమ్ముడుపోయి ఇళ్లు గడిచాయి. వాళ్లలో జగదంబా దేవికి 1975లో పద్మశ్రీ వచ్చింది.

మన ఊళ్లోనూ 2016లో ఖైరతాబాద్ దగ్గరి మక్తాలో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఇళ్ల గోడలకు బొమ్మలు వేయించింది. బస్తీకి కళ వచ్చింది, సంతోషమే. కానీ కుంచె ఎక్కువగా బయటి కళాకారులదే. నాకు మిథిల దారే నచ్చుతుంది. గోడా వాళ్లదే, చెయ్యీ వాళ్లదే.

కోకాపేటలో అలా ఎందుకు కుదరదు? నిర్మాణ ఖర్చు మీద కార్మికుల సంక్షేమానికి 1996 చట్టం తెచ్చిన సెస్సు కడుతూనే ఉన్నారు. దానికి తోడు బిల్డరు ఈ రేకుల లోపలి వైపు వాళ్లకు వదిలేసి, నాలుగు డబ్బాల రంగు ఇప్పిస్తే చాలు. మూడే షరతులు. ఆదివారం సెలవును మింగకూడదు, బొమ్మ వేసిన పూటకు కూలి కట్టివ్వాలి, బొమ్మ కింద వేసినవాళ్ల పేరుండాలి.