పాత ట్రక్కు కొంటున్నారా? తొట్టి కంటే ముందు పత్రాలు చూడండి

గుంటూరు: పత్తి తీతలు మొదలయ్యే వేళకు, మిర్చి కల్లాలకు చేరే నాటికి పల్లెల్లో ట్రాక్టరు ట్రక్కులకు గిరాకీ పెరుగుతుంది. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు, సమీపంలోని జిన్నింగు మిల్లులకు పత్తి చేర్చేందుకు కిరాయి బండి కోసం ఎదురుచూడలేని రైతులు పాత ట్రక్కు కొనుగోలుకు మొగ్గు చూపుతారు. అయితే ట్రాక్టరు కొనేటప్పుడు చూపే శ్రద్ధలో సగం కూడా చాలామంది ట్రక్కు విషయంలో చూపరు. రంగు మెరుస్తోందా, టైర్లు నిండుగా ఉన్నాయా అని చూసి బయానా ఇచ్చేస్తారు. ప్రమాదం జరిగినప్పుడో, తనిఖీలో పట్టుబడినప్పుడో అసలు చిక్కు బయటపడుతుంది.

ట్రక్కు కూడా వాహనమే

ట్రాక్టరు వెనుక తగిలించే ట్రక్కును 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలరుగా పేర్కొంటుంది. దానికి ఇంజిను లేకపోయినా విడిగా రిజిస్ట్రేషన్, విడిగా నంబరు ఉండాలి. ట్రాక్టరుకు అన్ని పత్రాలూ ఉన్నంత మాత్రాన ట్రక్కుకు ఉన్నట్లు కాదు. స్థానిక షెడ్లలో తయారై, ఏనాడూ రవాణా కార్యాలయం ముఖం చూడని ట్రక్కులు కూడా అమ్మకానికి వస్తుంటాయి. ధర తక్కువని అటువంటివి కొంటే ఆ తక్కువ ధరే తర్వాత భారంగా మారుతుంది.

ఆర్‌సీలోని ఛాసిస్ నంబరును ట్రక్కు చట్రంపై పొడిచిన నంబరుతో సరిపోల్చడం మొదటి పని. నంబరు ఉన్న చోట గ్రైండింగు చేసిన గుర్తులు, అతుకులు, కొత్త పట్టీ వెల్డింగు కనిపిస్తే బేరం అక్కడితో ఆపడం మేలు. పరివాహన్ వెబ్‌సైట్‌లో నంబరు నమోదు చేసి యజమాని వివరాలు, చెల్లుబాటు తేదీలు, రుణ భారం సరిచూసుకోవచ్చు. ఏపీ 07 నంబరు గుంటూరు జిల్లాకు, ఏపీ 27 ప్రకాశం జిల్లాకు చెందినవి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ ప్రవేశపెట్టారు. కాబట్టి నంబరును బట్టి బండి వయసును స్థూలంగా అంచనా వేయవచ్చు.

పేరు మార్పిడిలో జాప్యం వద్దు

అమ్మకం జరిగిన తర్వాత అమ్మిన వ్యక్తి ఫారం 29 ద్వారా ఆ విషయాన్ని రవాణా శాఖకు తెలియజేయాలి. రాష్ట్రంలోనే అమ్మితే ఇందుకు 14 రోజుల గడువు. కొన్న వ్యక్తి 30 రోజుల్లోగా ఫారం 30తో యాజమాన్య మార్పిడికి దరఖాస్తు చేసుకోవాలి. ట్రక్కుపై బ్యాంకు లేదా ఫైనాన్సు సంస్థ రుణం ఉంటే, అది తీరినట్లు ఫారం 35పై ఆ సంస్థ సంతకం కావాలి. అప్పు తీరిందన్న నోటిమాటను నమ్మి సొమ్ము ఇవ్వరాదు. సరిహద్దు దాటి నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి ట్రక్కు తెచ్చుకునే పల్నాటి రైతులు తెలంగాణ రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం తప్పక తీసుకోవాలి. దీనికి ఫారం 28 వాడతారు. ఇక్కడికి తెచ్చి 12 నెలలకు మించి ఉంచుకుంటే ఈ రాష్ట్రపు నంబరు పొందాలి.

పేరు మార్చకపోతే నష్టం అమ్మిన వారికీ ఉంటుంది. రవాణా శాఖ రికార్డుల్లో ఎవరి పేరు ఉంటే ప్రమాద పరిహారం విషయంలో వారినే యజమానిగా పరిగణించాలని 2018లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. తెల్లకాగితంపై రాసుకున్న ఒప్పందం కోర్టులో అమ్మిన రైతును కాపాడలేదు.

బీమా ఎవరికి, దేనికి?

ట్రాక్టరు పాలసీలో ట్రక్కును కూడా చేర్చి ప్రీమియం కట్టారా అన్నది తప్పనిసరిగా చూడాలి. పాలసీ కాగితంలో ట్రక్కు నంబరు కనిపించకపోతే దానికి రక్షణ ఉందని భావించరాదు. యాజమాన్యం మారిన 14 రోజుల్లోగా ఆ సంగతి బీమా సంస్థకు తెలిపి పాలసీని తమ పేరుకు మార్పించుకోవాలి. వ్యవసాయ అవసరాలకు నమోదైన బండిని ఇసుక, ఇటుక కిరాయిలకు తిప్పితే క్లెయిము సమయంలో సంస్థ అభ్యంతరం చెప్పే అవకాశం ఉంది.

ట్రక్కులో కూలీలను ఎక్కించడం ఇక్కడ అలవాటుగా మారిన ప్రమాదం. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలం రాపర్ల వద్ద మిరప పనికి వెళ్లి తిరిగి వస్తున్న కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొనగా పలువురు ప్రాణాలు కోల్పోయారు. 2023 జూన్ 5న గుంటూరు జిల్లా వట్టిచెరుకూరు మండల పరిధిలో శుభకార్యానికి వెళ్తున్న వారి ట్రాక్టరు బోల్తా పడి పలువురు మహిళలు మరణించారు. ట్రక్కు సరకు కోసం చేసినది. అందులో మనుషులకు పట్టుకునేందుకు ఆధారం ఉండదు, బీమా రక్షణా ఉండదు. ట్రాక్టరు ట్రక్కుపై ప్రయాణిస్తూ గాయపడిన ఒక కూలీ కేసులో 2007లో సుప్రీంకోర్టు బీమా సంస్థకు బాధ్యత లేదని తేల్చింది. బాధితుడి పరిస్థితి దృష్ట్యా ముందు సంస్థే చెల్లించి, ఆ మొత్తాన్ని యజమాని నుంచి రాబట్టుకోవాలని ఆదేశించింది. అంటే భారం చివరకు రైతు మీదే పడింది.

రంగు కింద ఏముంది?

పత్రాలు సరిగా ఉన్నాయని తేలాకే ట్రక్కు కిందికి వంగి చూడాలి. ఎరువుల బస్తాలు, తడి ఇసుక మోసిన తొట్టి అడుగురేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. అమ్మే ముందు వేసిన కొత్త రంగు ఆ తుప్పును, పగుళ్లను కప్పేస్తుంది. చిన్న సుత్తితో తట్టి చూస్తే గట్టి ఇనుము ఖంగుమంటుంది. తుప్పు తిన్నచోట మొద్దు శబ్దం వస్తుంది. చట్రం అడ్డపట్టీల వద్ద, ముందుకు పొడుచుకు వచ్చే డ్రాబారు మొదట్లో అతుకులు ఉన్నాయేమో పరిశీలించాలి. బరువంతా లాగేది ఆ భాగమే.

డ్రాబారు చివర పిన్ను దూరే కన్ను అరిగి కోలగా మారితే బండి కుదుపులతో నడుస్తుంది, పిన్ను తెగే ప్రమాదమూ ఉంది. ఇరుసు వంగిందో లేదో తెలుసుకోవడానికి తాడు చాలు. రెండు చక్రాల ట్రక్కులో డ్రాబారు కన్ను నుంచి ఇరుసు రెండు కొసలకూ తాడుతో కొలవాలి. రెండు కొలతలూ సమానంగా లేకుంటే ఇరుసు పక్కకు జరిగినట్లే. అటువంటి బండి టైర్లను త్వరగా తినేస్తుంది.

చక్రాన్ని జాకీతో ఎత్తి చేతితో ఊపినప్పుడు కదలిక ఉంటే, తిప్పినప్పుడు గరగర వినిపిస్తే బేరింగుల పని పడినట్లు లెక్క. కమాను పట్టీలు విరగలేదని, వాటి బోల్టులు బిగువుగా ఉన్నాయని చూసుకోవాలి. టైరు పక్కన ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారమని అర్థం. గాడులు లోతుగా ఉన్నా పక్కలు బీటలువారిన పాత టైరు నమ్మదగినది కాదు. హైడ్రాలిక్ జాకీ ఉన్న ట్రక్కయితే ఖాళీ తొట్టిని పైకెత్తి పది నిమిషాలు ఉంచి, అది కిందికి దిగుతోందేమో గమనించాలి. గట్టి ఊతం పెట్టనిదే ఎత్తిన తొట్టి కిందకు ఎవరూ వెళ్లరాదు. మరమ్మతుల ఖర్చు మెకానిక్కుతో లెక్క వేయించాకే ధర మాట్లాడుకోవాలి.

రోడ్డెక్కే ముందు

యార్డుకు వెళ్లే ట్రక్కులు ఎక్కువగా రాత్రిళ్లు కదులుతాయి. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి, అద్దంకి–నార్కట్‌పల్లి రహదారిపై వేగంగా వచ్చే లారీకి ముందున్న ట్రక్కు కనిపించకపోవడమే పెను ప్రమాదం. వెనుక రెండు ఎర్ర దీపాలు, బ్రేకు దీపాలు, ఇండికేటర్లు పనిచేయాలి. వెనుక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు రంగు రిఫ్లెక్టివ్ టేపులు అతికించాలి. ట్రక్కుకు తన నంబరుతో పాటు వెనుక భాగంలో లాగే ట్రాక్టరు నంబరు కూడా కనిపించాలి. పత్తి పైకి పొంగి వేలాడి ఈ దీపాలను, నంబర్లను కప్పకుండా చూడాలి.

పాత ట్రక్కులలో చాలావాటికి సొంత బ్రేకులు ఉండవు. ఆపే శక్తి అంతా ట్రాక్టరుదే. అందుకే పొలంలో విడివిడిగా వాడే కుడి, ఎడమ బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు లాకుతో ఒకటిగా కలపాలి. మరచిపోతే ఒక చక్రమే ఆగి ట్రాక్టరు పక్కకు తిరుగుతుంది. కాలువ కట్టల వాలులో న్యూట్రల్‌లో వదలకుండా తక్కువ గేరులోనే దిగాలి. హుక్కు పిన్నుకు లాకు, దానికి తోడు భద్రతా గొలుసు ఉండాలి.

టిక్కీ 45 కిలోలనుకుంటే 80 టిక్కీలకే 3,600 కిలోలవుతుంది. ఆర్‌సీలో రాసిన పరిమితి నుంచి ఖాళీ ట్రక్కు బరువు తీసివేయగా మిగిలినంతే ఎక్కించాలి. 2019 సవరణ ప్రకారం అధిక లోడుకు చట్టంలో 20,000 రూపాయల జరిమానా, అదనపు ప్రతి టన్నుకు మరో 2,000 రూపాయలు నిర్దేశించారు. రెండు చక్రాల ట్రక్కులో బరువు వెనుకకు ఎక్కువైతే హుక్కును పైకి లేపుతుంది. మరీ ముందుకు చేరితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి. టిక్కీలను ఇరుసుకు ఇటూ అటూ సర్ది, కొద్దిగా ముందువైపు మొగ్గు ఉండేలా పేర్చుకోవాలి. పత్తి లోడు ఎత్తు విద్యుత్ తీగలకు అందకూడదు. పొగగొట్టం నిప్పురవ్వలు పడకుండా పట్టా కప్పాలి.

తొలి ప్రయాణం ఖాళీ ట్రక్కుతో నాలుగైదు కిలోమీటర్లు చేసి, ఆపి, హబ్బుల వేడిని చూడటం మంచిది. ఒక చక్రం మాత్రమే కాలుతుంటే అక్కడ బేరింగు లోపం ఉన్నట్లే. ఈ పనులన్నీ వానాకాలంలో, ట్రక్కులు ఖాళీగా ఉన్నప్పుడే ముగించుకుంటే బేరానికి వీలు దొరుకుతుంది, రవాణా కార్యాలయం పనికీ సమయం చిక్కుతుంది. కల్లంలో కాయలు ఎండుతుండగా హడావిడిగా కొన్న ట్రక్కు ఏడాది కష్టాన్ని రోడ్డు పాలు చేయకుండా రైతులే జాగ్రత్త వహించాలి.