కమిటీ కుర్రోళ్ళు

కమిటీ కుర్రోళ్ళు 2024 ఆగస్టు 9న విడుదలైన తెలుగు చలనచిత్రము. దర్శకుడు యదు వంశీకి ఇది తొలి చిత్రం. నీహారిక కొణిదెల సమర్పణలో పింక్ ఎలిఫెంట్ పిక్చర్స్, శ్రీరాధా దామోదర్ స్టూడియోస్ సంస్థలు నిర్మించాయి. పల్లెల్లో జాతర, వినాయక చవితి పందిరి వంటి పనులు నెత్తిన వేసుకొనే కుర్రకారు బృందాన్ని 'కమిటీ' అనడం వాడుక. చిత్రం పేరు అక్కడిదే.

కథ

గోదావరి ప్రాంతంలోని పురుషోత్తంపల్లి అనే గ్రామంలో బరింకాలమ్మ జాతర పన్నెండేళ్ళకొకసారి జరుగుతుంది. ఆ ఊరి పిల్లలు కులమేమిటో తెలియకుండానే కలిసి పెరుగుతారు. పెద్దయ్యాక ఇంజనీరింగు సీట్ల సమయంలో రిజర్వేషన్ల మాట వారి మధ్యకు వస్తుంది. మాటామాటా పెరిగి, జాతరలో జరిగిన గొడవలో ఒక స్నేహితుడు మరణిస్తాడు. మిగిలినవారు చెల్లాచెదురవుతారు. మళ్ళీ జాతర వచ్చేనాటికి పంచాయతీ ఎన్నికలు కూడా దగ్గరపడతాయి. వారిలో ఒకడైన శివ, పాత ప్రెసిడెంటు బుజ్జిపై పోటీకి దిగుతాడు.

చిత్రానికి బలం మొదటి సగమే. తన సీటు పోయిందనుకొనే కుర్రవాడి ఉక్రోషాన్నీ, ఆ మాట పడిన మిత్రుడి అవమానాన్నీ రెండింటినీ చూపడానికి దర్శకుడు ప్రయత్నించాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ విద్యాసంస్థలలో షెడ్యూల్డు కులాలకు 15, తెగలకు 6 శాతం సీట్లు కేటాయించేవారు. వెనుకబడిన తరగతుల కోటా వేరు. అగ్రవర్ణ పేదలకు 10 శాతం వరకు కోటా 2019లో 103వ రాజ్యాంగ సవరణతో వచ్చింది. ఎన్నికల భాగం మాత్రం కొంత పరిచితమైన దారిలోనే నడుస్తుంది.

నటీనటులు, సాంకేతిక నిపుణులు

ఈ చిత్రం ద్వారా పదకొండు మంది యువకులను కథానాయకులుగా, నలుగురు యువతులను కథానాయికలుగా పరిచయం చేశారు. సందీప్ సరోజ్, యశ్వంత్ పెండ్యాల, త్రినాథ్ వర్మ, ఈశ్వర్ రాచిరాజు వారిలో కొందరు. వెబ్ సిరీస్‌లతో అప్పటికే పేరున్న ప్రసాద్ బెహరా పెద్దోడుగా నటించాడు. సాయికుమార్ బుజ్జి పాత్ర ధరించగా గోపరాజు రమణ మరో ముఖ్యపాత్రలో కనిపిస్తాడు. సంగీతం అనుదీప్ దేవ్, ఛాయాగ్రహణం రాజు ఎదురోలు, కూర్పు అన్వర్ అలీ.

విడుదల, పురస్కారాలు

పెద్ద తారలు లేకున్నా చిత్రం విజయం సాధించింది. 2024 సెప్టెంబరు 12 నుండి ఈటీవీ విన్‌లో ప్రసారమైంది. తెలంగాణ ప్రభుత్వం 2025లో ప్రకటించిన గద్దర్ చలనచిత్ర పురస్కారాలలో, 2024 సంవత్సరానికిగాను జాతీయ సమైక్యత, మత సామరస్యం, అణగారిన వర్గాల అభ్యున్నతి విభాగంలో ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. యదు వంశీకి ఉత్తమ తొలి చిత్ర దర్శకుడి పురస్కారం దక్కింది.