షత్రంజ్ గడుల లెక్క

షత్రంజ్ కనిపెట్టినవాడు రాజుగారిని గోధుమగింజలు కోరిన కథ మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే. మొదటి గడికి ఒక గింజ, రెండోదానికి రెండు, మూడోదానికి నాలుగు, ఇలా 64 గడులకూ రెట్టింపు చేస్తూ పోవాలి. రాజ్యంలోని ధాన్యమంతా చాల్లేదని చెప్పి కథ ముగిస్తాం. ఎంత చాల్లేదని పిల్లవాడు అడిగితే కసురుతాం. మన పూర్వులు అలా కసరలేదు.

ఖ్వారిజ్మ్‌లో 973లో పుట్టిన అల్ బీరూనీ సుమారు 1000లో రాసిన 'ఆసారుల్ బాఖియా'లో ఈ మొత్తాన్ని తేల్చాడు. 64 గడులూ వేసి కూడుతూ కూర్చుంటే ఎక్కడో తప్పు దొర్లుతుంది. ఆయన దగ్గరి దారి పట్టాడు. ఏ గడి దాకా కూడినా, తరువాతి గడికంటే ఒకటే తక్కువ వస్తుంది. 1, 2, 4 కలిపితే 7, నాలుగో గడిలో 8. కాబట్టి పలక మీద లేని 65వ గడి తెలిస్తే చాలు. ఐదో గడి 16. దాన్ని దానితోనే గుణిస్తే 256, అది తొమ్మిదో గడి. మళ్ళీ అలాగే చేస్తే 65,536, పదిహేడోది. మళ్ళీ చేస్తే 4,29,49,67,296, ముప్ఫైమూడోది. ఇంకొక్కసారి గుణించి ఒకటి తీసేస్తే 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెల సంఖ్య, నాలుగే గుణకారాలు!

డమాస్కస్ ఖాజీగా పనిచేసిన ఇబ్న్ ఖల్లికాన్ (1211–1282) ఈ మాట విని మొదట నమ్మలేదు. అలెగ్జాండ్రియాకు చెందిన ఒక లెక్కల గుమాస్తా ఆయనకు కాగితం మీద వేసి చూపించాడు. 16వ గడిలో 32,768 గింజలు, అది ఒక కొలపాత్రెడు అనుకుందాం అన్నాడు. అలా పెంచుకుంటూ పోతే 40వ గడికి 1,74,762 అర్దబ్బుల పైచిలుకు వచ్చింది. (అర్దబ్బు ఈజిప్టువాళ్ళ ధాన్యం కొలత.) అదొక గాదె అనుకుంటే 50వ గడికి 1,024 గాదెలు. అన్ని గాదెలున్నది ఒక నగరం అనుకుంటే చివరి గడికి 16,384 నగరాలు. లోకంలో అన్ని నగరాలెక్కడివి? అంతటి ఖాజీ ఒక గుమాస్తా చెప్పిన రుజువును ఒప్పుకుని, తన గ్రంథంలో రాసిపెట్టాడు. "లెక్కలు మనకెందుకు మాస్టర్ సాబ్" అని బిడ్డల్ని బడి మాన్పించే తల్లిదండ్రులకు మేము చెప్పేది ఈ ఖాజీగారి సంగతే.

ఈ సంఖ్య లోపలి సంగతి ఇంకా విచిత్రం. బీరూనీ దారిలో తగిలిన 16, 256, 65,536, 4,29,49,67,296లకూ, వాటికి ముందున్న 2, 4లకూ ఒక్కొక్కటి కలపండి. ఆ ఆరింటినీ గుణిస్తే సరిగ్గా మన గింజల మొత్తం వస్తుంది. మొదటి ఐదూ, అంటే 3, 5, 17, 257, 65,537, ప్రధాన సంఖ్యలు. ఆరోది కూడా అంతేనని 17వ శతాబ్దపు ఫ్రెంచివాడు ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ దాన్ని విడగొట్టాడు. 641ని 67,00,417తో గుణిస్తే 4,29,49,67,297. ఎనిమిదో తరగతి పిల్లలెవరైనా పలక మీద వేసి చూడవచ్చు.